యూజర్ రద్దు చేశారు

2012 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, ఆతిఫ్ ముందున్న తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఇంగ్లిషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం, "తరలింపును యూజర్ రద్దు చేశారు" అని. యూజర్ అన్న మాట పక్కన అతని పేరే ఉంది.

ఆతిఫ్ దేన్నీ రద్దు చేయలేదు. ఆ క్షణంలో అతను మౌస్‌ను వదిలేసి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు పక్కనున్న సుధాకర్ రెడ్డి హేచరీలో అతను కంప్యూటర్ ఆపరేటర్. పాలిటెక్నిక్ అయ్యాక చేరాడు, మూడేళ్లయింది. అక్కడ కోడిగుడ్లను పద్దెనిమిది రోజులు ఒక గదిలో పొదిగించి, చివరి మూడు రోజులకు హాచర్లు అనే పెద్ద పెట్టెల్లోకి మారుస్తారు. పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చేది అక్కడే. నాలుగు హాచర్లు, ఒక్కోదాంట్లో పదివేల గుడ్లు. వాటి వేడిని, తేమను, గాలిని ఒక కంప్యూటర్ చూసుకునేది. అది బల్ల మీద కనిపించే కంప్యూటర్ కాదు. పెద్ద సర్వర్ లోపల నడిచే మరో కంప్యూటర్. వర్చువల్ మెషీన్ అంటారు. దానితో ఒక సుఖం ఉంది. ఉన్న సర్వర్ పాడయ్యేలా ఉంటే, పని ఆగకుండానే దాన్ని పక్క సర్వర్ మీదికి తరలించవచ్చు.

ఆ రోజు పొద్దున్నుంచీ మొదటి సర్వర్ ఫ్యాను గరగరమంటోంది. ఆ నెలంతా కరెంటు కోతలు. జనరేటరు మీద ఏసీ నడవదు, సర్వర్ గది కొలిమిలా ఉంది. రెండు సర్వర్లనూ పెట్టి వెళ్లిన శ్రవణ్‌కు ఆతిఫ్ ఫోన్ చేశాడు.

"రెండోదాని మీదికి మార్చెయ్. ఫ్యాను నేను సాయంత్రం వచ్చి మారుస్త," అన్నాడు శ్రవణ్.

ఆతిఫ్ తరలింపు మొదలుపెట్టాడు. పచ్చగీత మెల్లగా ముందుకు పాకింది. తొంభై, తొంభై అయిదు, తొంభై తొమ్మిది. అక్కడ ఆగి, గీత మాయమై, ఆ వాక్యం వచ్చింది. మళ్లీ శ్రవణ్‌కు చేశాడు.

"రద్దయిందంటాంది అన్నా. నేనైతే ఏం నొక్కలే."

"చెయ్యి తగిలి ఉంటది తియ్. రద్దయిందంటే పాతదాని మీదనే నడుస్తాంది అన్నట్టు. ఏం పరేషాన్ గాకు. అంకెలు ఎట్లున్నయి?"

ఆతిఫ్ పక్క తెర వైపు చూశాడు. నాలుగు హాచర్లలోనూ ముప్పై ఏడు డిగ్రీలు. ఎప్పుడూ ఉండే అంకె.

"మంచిగనే ఉన్నయి."

"ఇగ సాయంత్రం చూద్దాం."

ఒంటిగంటకు ఆతిఫ్ టోపీ జేబులో పెట్టుకుని గుడ్ల గదిలోకి తొంగి చూశాడు. రుక్కమ్మ అక్కడ ట్రేలు కడిగిస్తోంది. హాచర్ల పనంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. హేచరీ పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి.

"రుక్కమ్మక్కా, జుమ్మా నమాజుకు పోయొస్త."

"పో బిడ్డా. ఎండ మండుతాంది, తువ్వాల కప్పుకో."

తెర మీది అంకెలు పన్నెండూ నలభై దగ్గరే ఆగిపోయాయని అతనికి తెలియదు. తరలింపు చివరి అడుగులో వర్చువల్ మెషీన్‌ను ఒక్క రెప్పపాటు ఆపుతారు. సరిగ్గా ఆ రెప్పపాటులో తరలింపు తెగిపోయింది. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. ఆగే ముందు అది హాచర్లకు ఇచ్చిన చివరి ఆజ్ఞ, వేడి పెంచమని. ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకునేవాళ్లు లేరు. హీటర్లు వెలుగుతూనే ఉన్నాయి. వేడి ఎక్కువైతే మోగాల్సిన గంట కూడా ఆ ఆగిపోయిన మెషీన్ చేతిలోనే ఉంది.

రుక్కమ్మ హాచర్ల దగ్గరికి వచ్చేసరికి రెండు దాటింది. పిల్లలు పుట్టే రోజు ఆ గదిలో మాట వినిపించనంత కూత ఉంటుంది. ఆమె గుమ్మంలో అడుగుపెట్టి ఆగింది. కూత లేదు. పరుగెత్తి మొదటి తలుపు గుంజింది. వేడి ముఖానికి కొట్టింది. ట్రేలున్న ఇనుప బండ్లను ఒట్టి చేతులతో పట్టుకుని ఒక్కొక్కటే వరండాలోకి లాగింది. అరిచి అరిచి మిగతావాళ్లను పిలిచింది.

రెండుంబావుకి ఆతిఫ్ తిరిగి వచ్చాడు. వరండా నిండా ట్రేలు. పసుపు పచ్చని పిల్లలు, తడి ఆరనివి, నోళ్లు తెరిచి పక్కకు పడి ఉన్నాయి. కొన్ని సగం పెంకులోనే ఉన్నాయి. రుక్కమ్మ అరచేతులు బొబ్బలెక్కి, చేతులు ముందుకు చాపుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఆతిఫ్ నీళ్లు తెచ్చి ఆ చేతుల మీద పోశాడు.

ఇరవై ఆరు వేల పిల్లలు చచ్చిపోయాయి. సాయంత్రం శ్రవణ్ వచ్చి, ఫ్యాను మార్చి, మొదటి సర్వర్ రాసిపెట్టుకున్న లాగ్ తీసి ఒక కాగితం మీద అచ్చుకొట్టి సుధాకర్ రెడ్డి చేతిలో పెట్టాడు. అందులో ఆ వాక్యం ఉంది. పక్కన ఆతిఫ్ పేరు, పన్నెండూ నలభై.

*

సుధాకర్ రెడ్డి అబద్ధాలు పుట్టించే మనిషి కాదు. ఆతిఫే ఈ పని చేశాడని అతనికి నిజంగానే నమ్మకం కుదిరింది. హేచరీ వెనక అతను ప్లాట్లు వేస్తున్నాడు. ఆ ప్లాట్లకు రోడ్డు కావాలి. రోడ్డు పోవాల్సిన పద్దెనిమిది గుంటల పట్టీ ఆతిఫ్ తండ్రి షుకూర్‌ది. ఆ పట్టీలోనే షుకూర్ బోరుంది. ఆ బోరు పోతే మిగిలిన ఎకరన్నరలో వంకాయ చెట్టు కూడా బతకదు. నెల కిందట సుధాకర్ రెడ్డి ఇంటికి వచ్చి అడిగాడు. షుకూర్ ఇవ్వనన్నాడు. మాటా మాటా పెరిగింది.

"మీ నాయినతోని నాకు మాట వచ్చె. నెల తిరగకముందుకే గిది జరిగె," అన్నాడు సుధాకర్ రెడ్డి శనివారం, ఆఫీసు గదిలో. "పోయేముందు మీట నొక్కి, నమాజ్ పేరు జెప్పి బయటికి పోయినవ్."

"సార్, ఖుదా కసమ్, నేను నొక్కలే."

"మరి గీ కాయితం మీద నీ పేరెందుకున్నది?"

"తెల్వదు సార్."

"మనిషి చెప్తే నమ్మకపోదును. కంప్యూటర్‌కు నీ మీద పగ ఉంటదా?"

మూడేళ్లుగా ఆతిఫ్ కూడా కంప్యూటర్ చెప్పిందే నమ్మాడు. ఆ శుక్రవారమైతే, నమ్మే కదా నమాజుకు వెళ్లాడు. తనకు తెలియకుండా చెయ్యి తగిలిందేమో అని కూడా ఒక్కోసారి అనిపించింది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, రుమాలు పట్టుకున్న చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో మళ్లీ మళ్లీ కదిపి చూసుకున్నాడు. ఎలా కదిపినా బల్ల అందలేదు.

సుధాకర్ రెడ్డి ఇచ్చిన ఫిర్యాదు మీద ఠాణాలో అతన్ని నాలుగు గంటలు కూర్చోబెట్టి, వాంగ్మూలం రాయించుకుని పంపారు. ఫిర్యాదీ పట్టుబట్టితే కేసవుతుందని చెప్పారు. సోమవారం సుధాకర్ రెడ్డి మనిషి ఒకడు షుకూర్ దగ్గరికి వచ్చాడు. పట్టీ రాసిస్తే ఫిర్యాదు వెనక్కి పోతుందన్నాడు. శుక్రవారం పొద్దున మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మన్నాడు.

షుకూర్ ఆ రోజంతా బోరు దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం లోపలికి వచ్చి, "రాసిస్త," అన్నాడు.

"అబ్బా, రాసిస్తే నేను చేసినట్టే గదా," అన్నాడు ఆతిఫ్ తండ్రితో.

"చేసినవని ఎవరంటున్రు బేటా?"

"అందరు. మీరు గూడ ఇప్పుడు అన్నట్టే."

షుకూర్ కొడుకు ముఖంలోకి చూడలేదు. తల్లి షహర్ బాను వంటింట్లోంచి అంతా విన్నది. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు.

ఆతిఫ్ శ్రవణ్‌కు రోజుకు పదిసార్లు ఫోన్ చేశాడు. మొదటి రెండు రోజులు ఎత్తి, "లాగ్‌ల ఉన్నది నేనెట్ల మారుస్త తమ్మీ?" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. తరలింపు సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ నంబరుకు చేస్తే, వివరాలు మెయిల్ చేయండి, మూడు పనిదినాల్లో జవాబు వస్తుందన్నారు. మూడు పనిదినాలు అతని దగ్గర లేవు. తెర అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ చిరునామా చూసిన గుర్తు. అల్వాల్. బుధవారం పొద్దున బస్సెక్కాడు.

*

కంపెనీ అంటే స్వీటు దుకాణం పైన మూడు గదులు, ఆరుగురు మనుషులు. అందులో పాత ప్రోగ్రామర్ అశ్రిత. ముప్పై ఏళ్లుంటాయి. ఆతిఫ్ చెప్పింది ఓపిగ్గానే విన్నది. విన్నాక, ఎన్నోసార్లు చెప్పి అలవాటైన గొంతుతో అన్నది.

"చూడండి, ఆ మాట వచ్చిందంటే ఎవరో రద్దు మీట నొక్కినట్టే. మీరు కాకపోతే ఇంకొకరు."

"గదిల నేనొక్కన్నే ఉన్న మేడం."

"మరి..."

ఆతిఫ్ శ్రవణ్ అచ్చుకొట్టిన కాగితం నకలు తీసి ఆమె ముందు పెట్టాడు. ఠాణాలో బతిమాలి జిరాక్స్ తెచ్చుకున్న కాగితం. మడతలు పడి, చెమటకు తడిసి ఉంది. పొమ్మంటే పోవడానికి ఇంకో చోటు లేని మనిషి నిలబడ్డట్టు, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

అశ్రిత కాగితం చదివింది. మళ్లీ పైనుంచి చదివింది.

"రద్దు నొక్కితే 'నిజంగానే రద్దు చేయాలా' అని అడుగుతుంది. అవునంటేనే చేస్తుంది. అలా అడిగినట్టు కూడా లాగ్‌లో ఒక వరుస రాస్తుంది. ఇందులో ఆ వరుస లేదు."

"నన్ను అడగలే మేడం. ఏం అడగలే."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. ప్రోగ్రాములో ఆ వాక్యం ఎక్కడెక్కడ ఉందో వెతికింది. రెండు చోట్ల ఉంది. ఒకటి రద్దు మీట దగ్గర. రెండోదాన్ని తెరిచి చూసింది. తెరను అతనికి కనపడకుండా కొంచెం అవతలికి తిప్పింది.

"మీ నంబరు ఇచ్చి వెళ్లండి. రేపు చెప్తాను."

"రేపు గురువారం మేడం. ఎల్లుండి మా అబ్బా భూమి రాసిస్తున్నడు."

"రేపు పొద్దున్నే చేస్తాను," అన్నది, అతని వైపు చూడకుండా.

ఆతిఫ్ మెట్లు దిగి స్వీటు దుకాణం ముందు ఎండలో నిలబడ్డాడు. ఆమె కూడా శ్రవణ్‌లాగే ఫోను ఎత్తదని అతనికి అనిపించింది.

కానీ గురువారం ఎనిమిదింటికి ఆమే చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"మొదటి సర్వర్‌కు తెలిసింది అవతలి నుంచి లైను తెగిందన్న ఒక్క సంగతే. ఎందుకు తెగిందో రెండో సర్వర్‌కు తెలుసు. అది తన లాగ్‌లో రాసుకుని ఉంటుంది. ఆ కారణాన్ని మొదటిదానికి పంపే ఏర్పాటు మా ప్రోగ్రాములో లేదు. రెండోదాని లాగ్ తీయగలరా?"

"నన్ను గేటు కూడ దాటనిస్తలేరు మేడం."

"ఆ లాగ్ ఏడు రోజులే ఉంటుంది. రేపు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది."

*

రుక్కమ్మకు ఇంగ్లిషు రాదు. హాచర్లకు, గుడ్ల బండ్లకు ఏ నుంచి హెచ్ వరకు అక్షరాలు రాసి ఉంటాయి గనక ఆ ఎనిమిది మాత్రం గుర్తుపడుతుంది. ఆతిఫ్ ఫోన్ చేసి సంగతి చెప్పగానే, "నన్ను పట్టుకుంటరేమో బిడ్డా," అన్నది. కాసేపాగి, "సరే చెప్పు. నువ్వు చెయ్యి గడుక్కున్నంక గూడ రెండుసార్లు తుడుచుకునేటోనివి. గసొంటి పని చెయ్యవు," అన్నది.

పదకొండింటికి అందరూ చాయ్‌కు వెళ్లినప్పుడు చీపురు పట్టుకుని సర్వర్ గదిలోకి వెళ్లింది. అరచేతులకు ఇంకా గుడ్డలు చుట్టి ఉన్నాయి. తన కూతురి దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరా ఫోను కొంగులో ఉంది. తన ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకుంది. ఆతిఫ్ అల్వాల్‌లో అశ్రిత బల్ల పక్కన ఫోను స్పీకరులో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నాలుగు అక్షరాలు కొడితే లాగ్ తెరుచుకుంటుందని అశ్రిత కాగితం మీద రాసి ఇచ్చింది.

"రెండో తెర ముందల నిలబడ్డవా అక్కా?"

"నిలబడ్డ. కెమెరాల బొమ్మలు వస్తున్నయి దీంట్ల. గేటు కనవడ్తాంది, కోళ్ల దాణా షెడ్డు కనవడ్తాంది."

"కెమెరాలా?" అశ్రిత తల ఎత్తింది. "ఆ సర్వర్ మీద కెమెరాలెందుకున్నాయి?"

"మా సార్ ఫిబ్రవరిల పెట్టించిండు. అక్కా, కింద నల్లటి డబ్బా ఉంటది, దాని మీద నొక్కు. ఇగ డీ కొట్టు."

"డీ తెలుసు. కొట్టిన."

"తర్వాత ఎల్. నిలువు గీత, కింద పక్కకు చిన్న గీత. తలుపు మూల లెక్క ఉంటది."

చాలాసేపు చప్పుడు లేదు. ఎవరో నడిచిన అలికిడి. చీపురు నేల మీద గీరిన శబ్దం, ఆ తర్వాత రుక్కమ్మ గొంతు, ఈసారి గుసగుసగా.

"దొరికింది. కొట్టిన."

"ఇప్పుడు ఓ. గుడ్డు లెక్క గుండ్రంగ ఉంటది."

"గుడ్లు మూడున్నయి. ఒకదానికి తోక ఉన్నది."

"తోకది వద్దు. పైన అంకెల వరుసలది వద్దు. మిగిలింది కొట్టు."

"కొట్టిన."

"చివరికి జీ. ఇగ కుడిపక్క పెద్ద మీట."

"నొక్కిన. అవ్వో, తెర నిండ చీమల బారు లెక్క అక్షరాలు వచ్చినయి."

"ఫొటో తియ్ అక్కా. కదలకుండ తియ్. నాలుగైదు తియ్."

ఆమె అయిదు తీసింది. గుడ్డలు చుట్టిన చేతుల్లో ఫోను నిలవక మూడు మసకబారాయి. సాయంత్రం పని దిగాక హేచరీ నుంచి కిలోమీటరు దూరం నడిచి వచ్చి, తూంకుంట దారిలో నిలబడ్డ ఆతిఫ్ చేతిలో ఫోను పెట్టింది. ఆతిఫ్ ఆరున్నరకల్లా మళ్లీ అల్వాల్ చేరాడు.

అశ్రిత బొమ్మను పెద్దది చేసి చదివింది. శుక్రవారం, పన్నెండూ నలభై. మెమరీ చాలలేదు. కెమెరాల రికార్డింగు మెమరీలో ఎక్కువ భాగం పట్టుకుని ఉంది. వస్తున్న వర్చువల్ మెషీన్‌కు చోటు లేక, రెండో సర్వర్ చివరి అడుగులో లైను తెంచేసింది.

ఆతిఫ్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆరు రోజుల్లో మొదటిసారి అతనికి ఏడుపు వచ్చింది. ముఖం కప్పుకోకుండానే ఏడ్చాడు.

అప్పుడు అశ్రిత చెప్పింది. 2009లో ఆ భాగాన్ని రాసింది తనే. లైను తెగి, కారణం ఏదీ రాకపోతే ఏమని చూపించాలన్న ప్రశ్న వచ్చింది. ఆ రోజుల్లో వాళ్లు పరీక్షలు చేస్తూ తామే రద్దు చేస్తే తప్ప లైను ఎప్పుడూ తెగేది కాదు. అందుకని, కారణం తెలియకపోతే యూజర్ రద్దు చేశారని చూపించమని రాసింది. తర్వాత మారుద్దామనుకుంది. మరిచిపోయింది.

"కారణం తెలియదు అని రాయొచ్చుగదా మేడం?" అన్నాడు ఆతిఫ్. అతని గొంతులో కోపం కూడా లేదు.

"రాయొచ్చు," అన్నది ఆమె. "నిన్న మీరున్నప్పుడే చూశాను. మా సార్‌కు చెప్తే, బయట ఎవరికీ చెప్పొద్దన్నాడు. రాత్రంతా ఆలోచించాను. రేపు నేను మీతో వస్తాను."

*

శుక్రవారం పదింటికి మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్ల కింద జనం గుంపులుగా ఉన్నారు. దస్తావేజులు రాసే మొగులయ్య టేబుల్ దగ్గర షుకూర్, ఉతికిన తెల్ల కమీజు వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దస్తావేజు తయారైంది. సంతకాలే తరువాయి. సుధాకర్ రెడ్డి కారు పక్కన నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అబ్బా, ఆగండి," అంటూ ఆతిఫ్ పరుగెత్తుకొచ్చాడు.

సుధాకర్ రెడ్డి తిరిగి చూశాడు. అశ్రిత అతని దగ్గరికి వెళ్లి, తనెవరో చెప్పి, ఫొటో అచ్చులు రెండు ఇచ్చింది. అర్థమయ్యేలా నిదానంగా, వేలితో వరుసలు చూపిస్తూ చెప్పింది.

"ఆ వాక్యం తప్పు సార్. ఆతిఫ్ దేన్నీ రద్దు చేయలేదు. కారణం తెలియనప్పుడు ఆ మాట చూపించేటట్టు నేనే రాశాను. ఆ మాటను నమ్మే శ్రవణ్ పర్వాలేదన్నాడు, ఇతను నమాజుకు వెళ్లాడు. అసలు కారణం తెర మీద కనిపించి ఉంటే ఇతను కదిలేవాడే కాదు."

"అసలు కారణం ఏంది?"

"రెండో సర్వర్‌లో మెమరీ లేదు. కెమెరాల పని దాని మీద పెట్టారు."

కెమెరాలు దాని మీదే పెట్టమని శ్రవణ్‌ను ఒత్తిడి చేసింది తనేనని సుధాకర్ రెడ్డికి గుర్తుంది. కొత్తది ఎందుకు, అది ఊరికేనే ఉంది గదా అని అప్పుడు అన్నాడు.

"గీ ఫొటోలు ఎవరు దీసిన్రు?"

అచ్చులో తెర అంచున, గుడ్డ చుట్టిన బొటనవేలు ఒకటి మసగ్గా పడి ఉంది. సుధాకర్ రెడ్డి దాన్ని చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు గిదంతా రాసి సంతకం పెట్టి ఇస్తవా?" అన్నాడు అశ్రితతో.

"ఇస్తాను."

మొగులయ్య టేబుల్ మీదే, అతని దగ్గర కాగితం అడిగి తీసుకుని, ఆమె రెండు పేజీలు రాసింది. రాస్తున్నంతసేపూ షుకూర్ ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. రాయడం అయ్యాక సుధాకర్ రెడ్డి మొగులయ్యతో, "ఇయ్యాల్టికి వద్దు," అన్నాడు. షుకూర్ వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కారెక్కాడు.

షుకూర్ లేచి నిలబడ్డాడు. కొడుకు భుజం పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినప్పుడే నమ్మాల్సింది బేటా."

తండ్రి చేతి మీద ఆతిఫ్ తన చెయ్యి వేశాడు.

*

ఫిర్యాదు వెనక్కి పోయింది. పట్టీ షుకూర్‌కే మిగిలింది. సుధాకర్ రెడ్డి ప్లాట్లకు రోడ్డు వేరే వైపు నుంచి, చుట్టూ తిరిగి వేసుకున్నాడు. వారం తర్వాత ఆతిఫ్‌ను మళ్లీ పనికి రమ్మని కబురు పెట్టాడు. కానీ రుక్కమ్మను అంతకుముందే, రిజిస్ట్రేషన్ ఆగిన మరుసటి రోజే తీసేశాడు. ఆఫీసు గుట్టు బయటపెట్టిన మనిషి వద్దన్నాడు. ఆతిఫ్ వెళ్లి, రుక్కమ్మక్క వస్తేనే తనూ వస్తానన్నాడు. "అయితే ఇద్దరు రాకున్రి," అన్నాడు సుధాకర్ రెడ్డి. ఆతిఫ్‌కు మూడు నెలలు పని దొరకలేదు. ఠాణాకు వెళ్లొచ్చినవాడన్న మాట అతని కంటే ముందే అన్ని చోట్లకూ చేరింది. చివరికి సూరారంలో ఒక మందుల గోదాములో కుదిరాడు. అమ్మాయి తరఫు వాళ్లు మాట్లాడుకుంటున్న సంబంధం ఒకటి ఆ వేసవిలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వాళ్లు చెప్పలేదు.

ఆ మూడు నెలల్లో అతను అల్వాల్‌కు చాలాసార్లు వెళ్లాడు. అశ్రితను ఉద్యోగంలోంచి తీస్తామని బెదిరించారు గానీ, ఆ ప్రోగ్రాము తెలిసిన మనిషి ఆమె తప్ప లేదు. ఆమె అడిగింది ఒక్కటే, ఆ భాగాన్ని మొదటినుంచి తిరగరాయనివ్వమని. రెండో సర్వర్ ఎందుకు కాదందో ఆ కారణాన్ని మొదటిదానికి చేరవేయడం, మెషీన్ ఆగిపోయి ఉంటే ముందు దాన్ని మళ్లీ నడిపించడం, అది కుదరకపోతే గట్టిగా గంట మోగించడం. ఇవన్నీ ఆమె చేయగలదు. తెర మీద ఏమని రాయాలన్నది మాత్రం ఆతిఫ్‌ను అడిగింది.

"ఆ రోజు ఆ తెర మీద మీకేం కనిపించి ఉంటే బాగుండేది?"

ముందు, నడుస్తోందా ఆగిందా చెప్పాలన్నాడు ఆతిఫ్. తర్వాత ఏ సర్వర్ కాదంది, ఎందుకు కాదంది. తర్వాత ఇప్పుడు ఏం చెయ్యాలి. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. మనిషి పేరు, ఆ మనిషి నిజంగా మీట నొక్కితే తప్ప రాయొద్దు. అశ్రిత అన్నీ రాసుకుంది. కొన్ని మాటల దగ్గర ఇద్దరూ గంటలు గంటలు వాదించుకున్నారు. "విఫలమైంది" అంటే ఆపరేటరుకు భయం తప్ప ఏం అర్థం కాదని ఆతిఫ్ పట్టుబట్టి ఆ మాట తీయించాడు.

ఆగస్టులో కొత్తది బయటికి వెళ్లింది. సెప్టెంబరులో ఎక్కడో నిజామాబాదు దగ్గర పాల కేంద్రం నుంచి ఒకతను ఫోన్ చేసి, "రెండో సర్వర్‌ల జాగ లేదంటాంది, మెషీన్ పాతదాని మీదనే నడుస్తాందట, జాగ ఎట్ల ఖాళీ చెయ్యాలె?" అని అడిగాడు. అశ్రిత చెప్పింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. అతనికి అందులో విశేషమేమీ కనిపించలేదు. థాంక్సన్నా అనకుండా పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆతిఫ్ రుక్కమ్మను చూడటానికి వెళ్లాడు. ఆమె జవహర్‌నగర్ అవతల ఒక హాస్టల్లో వంట పనికి కుదిరింది. చెత్త దిబ్బల మీదుగా గాలి కొడుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గేటు బయటికి వచ్చింది. అరచేతుల మీద చర్మం కొత్తగా, ఎర్రగా ఉంది. ఆతిఫ్ కొత్త మాటలను కాగితం మీద తెలుగులో రాసి తెచ్చాడు. తెలుగూ ఆమెకు అంతంతమాత్రమే వచ్చు గనక చదివి వినిపించాడు. మెషీన్ ఆగిపోయింది. రెండో సర్వర్‌లో చోటు చాలలేదు. వెంటనే వెళ్లి యంత్రాలను చేత్తో చూసుకోండి.

రుక్కమ్మ మళ్లీ ఒకసారి చదవమన్నది. చదివాడు.

"గీ మాటనే అప్పుడు చెప్తే," అన్నది ఆమె, "నేను ఒంటిగంటకే తలుపులు తెరుద్దును గద బిడ్డా."

లోపల్నుంచి ఎవరో ఆమెను పిలిచారు. ఆమె వెళ్లిపోయింది. ఆతిఫ్ బస్సు కోసం నడిచాడు.